తెల్లబోయిన అద్దం

అబొట్రెసో సభామందిరంలో ఆ గురువారం ఉదయం ఉన్నవారిని, కూర్చున్న వరుసలోనే ముందుగా పేర్కొంటాను. నడుమ నానా, అంటే మా పాలకుడి, ఆసనం; పెద్దలను గౌరవంగా పిలిచే మాట కూడా అదే. దాని మీద ఎవరూ లేరు. ఆసనానికి ఎడమ వైపు రాజమాత నానా అఫ్రాకొమా. రాజమాత అన్నది పదవి. వరుసకు ఆమె మా పాలకుడికి అక్క. కుడి వైపు నానా డంక్వా, పాలకుడు సభకు రాని రోజుల్లో సభ నడిపే పెద్ద. ఆయన పక్కన, బంగారు రేకు తాపిన దండంతో, ఒచ్యామె అక్రాసి. పాలకుడి మాట సభకు, సభ మాట పాలకుడికి చేరవేసే ఉద్యోగం ఆయనది. తరువాత నేను, యావ్ బొయిటి. ప్రభుత్వ కట్టడాల శాఖలో ముఖ్య ఇంజనీరుగా పదవీ విరమణ చేశాను. ఈ మందిర నిర్మాణ సంఘానికి అధ్యక్షుణ్ణి. నాకు అవతల కుటుంబ పెద్ద ఒపానిన్ ఆంపొన్సా, నేరం మోపబడినవాడి మేనమామ. ఆయన తెచ్చిన గొర్రెపోతు స్తంభానికి కట్టి ఉంది. ఎదురుగా, చెప్పులు లేకుండా, నేరం మోపబడిన బదూ నిలబడ్డాడు. అందరికంటే చివర, గుమ్మం దగ్గర, నా చెల్లెలి కూతురు అజోవా త్వెనెవా. మందిరానికి ముందున్న అద్దాల గోడ ఆమె పని.

మా నానా అప్పటికే 'పల్లెకు వెళ్లారు'. పాలకుడు కన్నుమూసినప్పుడు మేము వాడే మాట అది. జరగవలసిన కార్యాలకు అన్నీ సమకూరి పెద్ద మద్దెల మోగేవరకూ ఆ మాట కూడా లోపలి ప్రాంగణం దాటి రాకూడదు. అడిగినవారికి 'నానాకు కాలు నొప్పి' అని చెప్పాలి. ఆ కట్టుబాటును తేలిగ్గా చూసేవారికి నేను చెప్పేది ఒకటే: పాలకుడు లేడని తెలిసిన ఊరు వారసుడు తేలేలోగా రెండుగా చీలడం మా తాతల కాలంలో జరిగింది. తలలు పగిలాయి.

అయినా మాట దాటింది. మంగళవారం సంతలో ఎండుచేపలు అమ్మే ముసలావిడ నుదుటికి చావు గుర్తుగా ఎర్రగుడ్డ కట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఆ వరుసలో సగం మంది కట్టుకున్నారు. ఎవరు చెప్పారన్న ప్రశ్న వచ్చింది. జవాబుగా బదూ దొరికాడు. నానాకు స్నానం చేయించడమే అతని కొలువు. లోపలి సంగతి తెలిసిన కొద్దిమందిలో అతనొకడు. అంతకు ముందురోజు సంతలో కొత్త స్పాంజీ, నిమ్మకాయలు కొంటూ కళ్లు తుడుచుకున్నాడని ఇద్దరు ముగ్గురు చూశారు. అది చాలింది.

ఇక అద్దాల గోడ గురించి. రెండు అద్దాల నడుమ పలుచని పొర ఒకటి అతికి ఉంటుంది. ఆ పొరలో కరెంటు పారుతున్నంతసేపూ పలక నీళ్లంత తేటగా ఉంటుంది. కరెంటు ఆగితే పాలలాగా తెల్లబడుతుంది. చూరు కింద అమర్చిన చిన్న కళ్లు మనిషి ఒంటి వేడిని పసిగడతాయి; ఎవరు ఎక్కడ కూర్చుంటే వారి ఎదుటి పలకకు మాత్రమే కరెంటు ఆపుతాయి. సభ తలుపులు మూసుకుని జరుగుతోందన్న నింద ఊరి నుంచి రాకూడదు, అలాగని పాలకుడు దగ్గుతున్నా, నోట్లో ముద్ద పెట్టుకుంటున్నా పదిమంది కంట పడకూడదు. ఆ రెండు షరతులూ మా సంఘమే పెట్టింది. రెంటినీ ఒకే గోడతో తీర్చింది అజోవా. పలకలన్నీ ఒకే కొలతవి కావు. పడమటి ఎండకు ఒక్కొక్కటీ ఒక్కొక్క వాలులో నిలవాలని కంప్యూటరులో గీసి, ఆ గీతను చూసి తనంతట తాను కోసే యంత్రంతో చట్రాలను కోయించింది. అలాంటి గోడలు మా దేశానికి టెమా రేవులో పెట్టెలుగా దిగుతాయి. బిగించడానికి మనుషులు కూడా పెట్టెలతోపాటే వస్తారు. ఇది మాత్రం కుమాసిలో, సువామె పేటలోని ఆమె రేకుల షెడ్డులో, పొర అతకడం దగ్గర నుంచి అక్కడే తయారైంది. నేను వృత్తిలో ఉండగా మెచ్చుకోలు మాటలు పొదుపుగా వాడినవాణ్ణి. ఆ గోడ మొదటిసారి వెలిగిన రోజున నా పొదుపు పాటించలేకపోయాను.

బుధవారం మధ్యాహ్నం ఒచ్యామె అక్రాసి మా ఇంటికి వచ్చాడు. కుమాసి నుంచి అజోవాను ముందే పిలిపించి ఉంచాను. ఆయన మంచినీళ్లు తాగి, కుశలం అడిగి, వచ్చిన పని చెప్పాడు.

"ఏమ్మా అజోవా, నీ అద్దానికి కాస్త మర్యాద నేర్పకూడదూ?"

"అదేం చేసింది తాతా?"

"ఏం చేసిందని నన్నే అడుగుతావా! నానా విసుక్కుంటే 'నానా ఆలోచనలో ఉన్నారు' అని చెప్పినవాణ్ణి నేను. నానా బూతులు తిడితే 'నానా మందలించారు' అన్నా. ఇన్నేళ్లు ఆయన మాటకి నునుపు పెట్టడంతోనే నా పళ్లన్నీ ఊడాయి. నీ అద్దమో, ఉన్నది ఉన్నట్టు మొహాన కొడుతుంది."

"ఏం చెయ్యమంటారు?"

"రేపట్నించీ పొద్దున్నే నడిమి పలక తెల్లబడాలి. నాలుగు మీటలు నొక్కితే అయ్యే పనేగా, ఎందుకంత ఇదిగా చూస్తావ్?"

"అక్కడ ఎవరూ కూర్చోకుండానా?"

"ఎవరైనా కూర్చున్నారని నేనన్నానా? ఎవరూ కూర్చోలేదనీ అన్లేదు. తెల్లబడమన్నా, అంతే."

 ఆలోచించుకోమని చెప్పి ఆయన దండం తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాక ఆమె నా వైపు తిరిగింది.

"మామయ్యా, బదూ ఎవరితోనూ ఏమీ అన్లేదు. చెప్పింది నా అద్దమే."

"నీకెవరు చెప్పారు?"

"బస్సు దిగి ముందు సంతకే వెళ్లాను. ఎండుచేపల అవ్వని అడిగాను, బదూ చెప్పాడా అని. నవ్వింది. 'వాడి నోరు ఎప్పుడు తెరుచుకుందే పిల్లా! రోజూ పొద్దున పెద్దల పలకలన్నీ తెల్లగా ఉంటున్నాయి. నడిమిది ఒక్కటీ పన్ను ఊడిన చోటులా ఖాళీగా ఉంటోంది. నాకేం కళ్లు లేవా?' అంది. అందరూ అదే చూశారు మామయ్యా. నడిమి పలక తెల్లబడితే నానా వచ్చారని చెప్పులు విప్పడం వాళ్లకి అలవాటైపోయింది. నేనేమో మనిషి కనబడకూడదని అంత కష్టపడ్డానా, ఆ దాచడంతోనే ఉన్నాడో లేడో ఊరందరికీ తెలిసిపోతోంది."

ఆ మాటలోని నిజం నాకు వెంటనే బోధపడింది. దాని పర్యవసానం కూడా బోధపడింది.

"ఇది రేపు సభలో అంటే ఏమవుతుందో తెలుసా?"

"గోడ విప్పేయమంటారు."

"ఆ తరవాత?"

"షెడ్డుకి అప్పిచ్చే ముందు అక్రా బ్యాంకు వాళ్లు వచ్చే నెల గోడ చూడ్డానికొస్తున్నారు. చూడ్డానికేమీ ఉండదు. మనవాళ్లు చేసింది మూణ్ణాళ్లు నిలవలేదని చెప్పుకుంటారు. షెడ్డు మూసుకోవడమే." ఆమె తన వేళ్లకు అంటిన జిగురు గీరుకుంటూ చెప్పింది.

"బదూకి పడే శిక్ష ఊరు విడిచిపొమ్మనడం. గట్టివాడు. కుమాసిలో బతకలేడా?"

"బతుకుతాడు. కానీ ఇంకొక్క స్నానం మిగిలి ఉంది కదా మామయ్యా. ఆ మద్దెల మోగేలోగా. అది ఇంకెవరో చేయిస్తారు."

 సభ అడగనిదే మాట్లాడవద్దని ఆమెకు సలహా ఇచ్చాను. అది సభామర్యాద. ఆ నియమం విషయంలో నా అభిప్రాయం నేటికీ మారలేదు.

మరునాడు గురువారం, మా ఆచారంలో నేల తవ్వకూడని రోజు. పొలాలకు ఎవరూ వెళ్లరు కనుక మందిరం ముందు ఆవరణ జనంతో నిండిపోయింది. చాలామంది నుదుళ్లకు ఎర్రగుడ్డలు ఉన్నాయి. మేము వరుసగా కూర్చున్నకొద్దీ మా ఎదుటి పలకలు ఒక్కొక్కటీ తెల్లబడ్డాయి. నడిమిది తేటగానే ఉండిపోయింది. వరుస చివర ఖాళీగా ఉన్న పలకల్లో నుంచి జనం మెడలు సాచి ఆ నడిమి పలకనే చూడటం నాకు కనిపిస్తూ ఉంది.

నానా డంక్వా విచారణ మొదలుపెట్టారు. సంప్రదాయం ప్రకారం ప్రతి మాటా అక్రాసి మీదుగానే సాగింది. ఆ పునరుక్తిని ఇక్కడ వదిలివేస్తున్నాను.

"బదూ, చెప్పకూడని మాట నువ్వు చెప్పావు."

"ఏ మాట నానా?"

"చెప్పకూడని మాట అంటున్నా కదా."

"అదేదో చెబితే, అన్నానో లేదో చెబుతాను."

"నేను చెబితే నేనూ చెప్పినవాణ్ణే అవుతాను! తెలివి చూపిస్తున్నావా?"

ఒపానిన్ ఆంపొన్సా గొంతు సవరించుకున్నాడు. "పెద్దలు క్షమించాలి. మావాడు ఏమన్నాడో మాకు తెలీదు. ఏమనకూడదో అదీ తెలీదు. గొర్రెని తెమ్మన్నారు, తెచ్చాం."

"సంతలో స్పాంజీ ఎందుకు కొన్నావు?"

"పాతది గరుకెక్కింది నానా. నానా ఒళ్లు మెత్తన."

"ఏడ్చావట."

"మిరపకాయల కొట్ల మీదుగా వచ్చాను."

ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. అతడు తనను తాను కాపాడుకోవలసిన ఘడియలో కూడా ఆ రహస్యాన్నే కాపాడుతున్నాడన్నది నాకు స్పష్టంగా కనిపించింది. సభలో మరికొందరికీ కనిపించి ఉండాలి. అయితే ఊరి నుదుటి మీద ఎర్రగుడ్డ ఉంది. దానికి ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి. నానా డంక్వా తీర్పు చెప్పారు. గొర్రెను కోసి మాట మైల కడగాలి. బదూ ఆ రోజే ఊరు విడవాలి. మళ్లీ ఈ ప్రాంగణం గడప తొక్కకూడదు.

బదూ తలవంచి విన్నాడు. తరువాత తల ఎత్తాడు.

"గొర్రెని కొయ్యండి నానా. వెళ్లమంటే వెళ్లిపోతా. ఒక్క పని చేసుకుని వెళతా."

"ఏం పని?"

"ఆ పని పేరు చెప్పకూడదు నానా."

రాజమాత తల పక్కకు తిప్పుకున్నారు.  అప్పుడు గుమ్మం దగ్గర నుంచి అజోవా ముందుకు వచ్చింది. చెప్పులు విడిచి, అక్రాసి ఎదుట మోకాలు వంచింది.

"ఒచ్యామె తాతా, పెద్దలకి ఈ మాట వినిపించండి. చెప్పింది ఈయన కాదు. ఏం చెప్పారో నేనూ అనను. ఎవరు చెప్పారో మాత్రం చూపిస్తాను."

"చూపించడమేమిటి, ఇదేమైనా గారడీయా?" అన్నారు నానా డంక్వా.

ఆమె లేచి స్తంభం దగ్గరకు వెళ్లి గొర్రెపోతు తాడు విప్పింది. పెద్దల తెల్లని పలకల మాటునే దానిని నానా ఆసనం వైపు నడిపించింది. అక్రాసి దండం అడ్డంగా ఎత్తాడు కాని, అప్పటికే ఆమె దాటిపోయింది. సభ మొత్తం నా వైపు చూసింది. ఆమె నా మేనకోడలు, గోడ నా సంఘానిది. ఆపమని నేను అనలేదు. కానివ్వమనీ అనలేదు. గొర్రెపోతు ఆసనం ముందున్న చాప ఎక్కి, నిలబడి, చాప అంచును నమలడం మొదలుపెట్టింది.

నడిమి పలక తెల్లబడింది.

 బయట ఆవరణలోని మగవాళ్లందరూ భుజం మీది వస్త్రాన్ని నడుముకు దించారు. చెప్పులు విడిచారు. వెనక వరుసలో ఎవరో కేక పెట్టారు: "నానా వచ్చారు! నానా లేచొచ్చారర్రా!" ఆడవాళ్లు తలగుడ్డలు విప్పి గాలిలో ఊపారు. ఎండుచేపల ముసలావిడ నుదుటి మీది ఎర్రగుడ్డను లాగి, నేల మీద కొట్టి, రెండు చేతులూ పైకెత్తింది. ఆమె ఏడుస్తోంది, కాని అది మంగళవారం నాటి ఏడుపు కాదు. కొందరు కుర్రవాళ్లు అప్పుడే పాట ఎత్తుకున్నారు.

లోపల గొర్రెపోతు నములుతూనే ఉంది.

"వాళ్లకి ఇప్పుడు ఎవరు చెప్పారు నానా?" అంది అజోవా. "బదూ ఇక్కడే ఉన్నాడు కదా. అద్దానికి ఒంటి వేడి ఒక్కటే తెలుసు. పదవి తెలీదు. లోపలి మనిషి కనబడకూడదనే దాన్నలా చేశాను. దాచడమే చాటడమవుతుందని నాకు తోచలేదు. తప్పు నాది. ఈ గొర్రెని నా పేరు మీద కొయ్యండి. గోడ సంగతి మీ ఇష్టం."

నానా డంక్వా ముఖం బూడిద రంగుకు తిరిగింది. తాము తరాలుగా అందుకుంటున్న మర్యాదను ఊరు ఒక గొర్రెకు అర్పించింది. అది తమ కళ్లెదుటే జరిగింది. ఆయన చేయి విదిలించి, "ముందు దాన్ని అక్కణ్ణుంచి లాగండి!" అన్నారు.

"లాగొద్దు."

ఆ మాట రాజమాతది. ఆమె సభలో అక్రాసి మీదుగా కాకుండా నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"దాన్ని తీస్తే పలక ఖాళీ అవుతుంది. వాళ్లు చూస్తూ ఉండగా. మళ్లీ రెండోసారి వాళ్లు..." ఆమె వాక్యం పూర్తి చేయలేదు. "నా తమ్ముడి కోసం అట్లా గంతులేస్తున్నారే, చూడు అజోవా. ఎంత పని చేశావే తల్లీ."

అజోవా బయటకు చూసింది. తాను చేసినదాని రెండో సగం అప్పుడే ఆమెకు కనిపించినట్లుంది. పెదవులు బిగించుకుంది. నిర్దోషిని విడిపించడానికి ఆమె ఎత్తిన చేయి ఆవరణ నిండా ఉన్నవారికి లేని ఆశను పంచిపెట్టింది. దానిని ఎలా వెనక్కు తీసుకోవాలో మా వరుసలో ఎవరికీ తెలియలేదు. గొర్రెపోతును కదపడానికీ, ఉంచడానికీ ఎవరికీ ధైర్యం చాలలేదు. మా పదవులన్నీ కలిసి ఒక జంతువు కాళ్ల దగ్గర బందీ అయ్యాయి.

"ఒక దారుంది," అంది ఆమె చివరికి. "కాని ఇది చేస్తే గోడ మళ్లీ పలకదు."

ఎవరి అనుమతికీ ఆగలేదు. గుమ్మం పక్కనున్న పెట్టె తలుపు తీసి, లోపలి తీగలకట్టను పిడికిటితో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పలకలన్నీ ఒకేసారి తెల్లబడ్డాయి. మందిరం పాలగిన్నెలో ముంచినట్లయింది. ఇక మాకు బయట ఏమీ కనిపించలేదు, వినిపించింది మాత్రమే. పాట మధ్యలో తెగింది.

"అరె, కరెంటు పోయింది!"

"కరెంటే! ఛీ, ఇందాకా అదేనా? మనమేమో నానా అనుకుని..."

"ఈ కరెంటాఫీసు వాళ్ల తలలు పగలా! మనిషిని ఇట్లా ఆడిస్తారా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందుకున్నవాళ్లు లేరు. కొంతసేపటికి ముసలావిడ గొంతు వినిపించింది. ఎవరినీ ఉద్దేశించి కాదు: "ఇప్పుడీ గుడ్డ కట్టుకోనా, వద్దా? చెప్పండర్రా ఎవరన్నా!" ఆ ప్రశ్నకు లోపల ఉన్న మా అందరి దగ్గరా జవాబు ఉంది. ఒక్కరూ నోరు విప్పలేదు.

గొర్రెపోతును ఆంపొన్సా మెల్లగా చాప మీద నుంచి దించాడు.  మొదట మాట్లాడింది రాజమాతే.

"బదూ."

"నానా."

"లోపల నీళ్లు కాచాలి. వెళ్లు."

 కొత్త స్పాంజీ అతని నడుము గుడ్డలోనే ఉంది. దాని మీద చేయి వేసుకుని లోపలి ప్రాంగణం వైపు నడిచాడు. తీర్పు రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు. ప్రకటించవలసిన అవసరం కలగలేదు. గొర్రెను ఆ సాయంత్రం అజోవా పేరు మీదే కోశారు. ఆదివారం పెద్ద మద్దెల మోగింది.

కార్యాలు ముగిసిన తరువాత సభ చేరి అద్దాల గోడను తీసివేయాలని తీర్మానించింది. తీర్మానాన్ని బలపరిచినవారిలో నేను ఉన్నాను. పాలకుడి ఆసనం ఎదుట గొర్రెకూ మనిషికీ భేదం తెలియని వస్తువు ఉండరాదన్నది సరైన వాదమే. పలకలను సువామె షెడ్డులో గోనెపట్టాల కింద పేర్చారు. వాటి స్థానంలో కర్ర జాలీ పెట్టారు. లోపల ఎవరున్నదీ, ఎవరు లేనిదీ దానిలో నుంచి తెలియదు. బ్యాంకు వాళ్లు రాలేదు. అజోవా ఇప్పుడు బడుల కిటికీలకు మామూలు అద్దాలు బిగిస్తోంది. ఆ పొర గురించి నాతో మాట్లాడటం మానుకుంది. నేనూ అడగలేదు.

మేలు పొందినవారు పెద్దలను సాక్షులుగా పిలిచి కృతజ్ఞత చెప్పడం మా ఆచారం. ఆంపొన్సా కుటుంబం ఆ శుక్రవారం ఉదయమే ఆమె గుమ్మం ముందు నిలబడి తన వంతు చెల్లించింది. సభ ఇంతవరకు చెల్లించలేదు. చెల్లిస్తుందన్న సూచన కూడా లేదు. నిర్మాణ సంఘం రద్దు కాలేదు కనుక దాని అధ్యక్షుడిగా నాకు ఆ అధికారం ఉన్నదని భావిస్తున్నాను. అబొట్రెసోకు చెందిన అజోవా త్వెనెవా, అడగనిదే సభలో మాట్లాడి, ఇతరునిపై పడిన నేరాన్ని తన పని మీదికి తీసుకుని, తన గోడను తన చేతితోనే మూగదాన్ని చేసి, బదూ తన నానాకు చేయవలసిన చివరి సేవ అతనికే దక్కేటట్లు చేసింది. ఆమె చేసిన ఈ పనిని నేను, యావ్ బొయిటి, ఆమె మేనమామగా కాక నిర్మాణ సంఘం అధ్యక్షుడిగా గుర్తించి, పైన పేర్కొన్న పెద్దలందరి సాక్షిగా, ఆమెకు కృతజ్ఞత తెలియజేస్తున్నాను.